గీత కూడా పడని బండి

పొద్దున్నే వాకిట్లో నీళ్ళు చల్లడానికి తలుపు తీసిన లీలావతికి, మొగుడు వరప్రసాదం కొడుకు మోటార్‌సైకిల్ అద్దాన్ని పచ్చడిబండతో కొడుతూ కనబడ్డాడు.

"ఆ అద్దం మిమ్మల్ని ఏమందండీ?"

"మెల్లిగా మాట్లాడు. చూడ్డానికి వచ్చినవాళ్ళంతా బండి కేసే చూస్తున్నారు. కాలవ గట్టు మీద జారిపడితే గీత కూడా పడలేదేంటండీ అని నిన్న పాపాయమ్మగారు మొహం మీదే అడిగేసింది."

"అయితే కుడి అద్దం కొడుతున్నారేం? వాడికి దెబ్బలు ఎడమపక్క కదా తగిలేయి."

వరప్రసాదం ఒక్క క్షణం ఆలోచించి, పచ్చడిబండ పట్టుకుని బండి అటుపక్కకి వెళ్ళాడు. లీలావతి బకెట్టు అక్కడే దించేసింది. ఇరవయ్యేడేళ్ళ కాపురంలో తను చెప్పిన పని ఆయన ఇంత శ్రద్ధగా చెయ్యడం ఆవిడ ఇదే చూడటం.

"బండి జారలేదు. వాణ్ణి ఎవరు కొట్టేరో మీకు తెలుసు. ఎవరండీ?"

ఎడమ అద్దం కూడా భళ్ళుమంది.

వాళ్ళ కొడుకు సురేంద్ర ఉప్పలగుప్తంలో రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్ష చేసే ల్యాబ్‌లో ఉద్యోగం చేస్తాడు. కిందటేడు ఒకరోజు భోజనాల దగ్గర, తనకి ఆడపిల్లలంటే ఇష్టం కలగదనీ, అమలాపురంలో ఉండే విజయకుమార్‌తోనే బతుకనీ చెప్పేశాడు. లీలావతి వారం రోజులు ఏడ్చింది. ఆ తరవాత కళ్ళు తుడుచుకుని, ఆ అబ్బాయి చేపల పులుసు తింటాడా అని అడిగింది. వరప్రసాదం ఏడవలేదు, అడగలేదు, ఆ రోజునుంచీ కొడుకుతో మాట్లాడనూ లేదు. మొన్న సాయంత్రం విజయకుమార్‌ని ఇంటి దగ్గర దింపి వస్తుంటే కాలవ గట్టు మీద ఇది జరిగింది. ఎడమ చెయ్యి విరిగింది, దవడకి కుట్లు పడ్డాయి. బండి జారిందని ఆసుపత్రిలో చెప్పింది వరప్రసాదం. చిత్రం ఏమిటంటే, సురేంద్ర కూడా అవునన్నట్టు తల ఊపాడు.

తొమ్మిదయ్యేసరికి వరప్రసాదం మేనల్లుడు భీమరాజు వచ్చాడు, కువైట్ నుంచి సెలవు మీద వచ్చినవాడు. చేతిలో బ్రెడ్డు ప్యాకెట్టు. దెబ్బ తగిలినవాణ్ణి చూడ్డానికి బ్రెడ్డే పట్టుకెళ్ళాలని ఈ పి.గన్నవరంలో ఎవరు కనిపెట్టారో గానీ, దవడకి కుట్లు పడ్డవాడు ఏం నములుతాడని ఒక్కరికీ తట్టదు. లీలావతి దాన్ని అప్పటికే వచ్చిపడ్డ బ్రెడ్ల గుట్టలో పడేసి కాఫీ కలిపి ఇచ్చింది.

"గట్టు మీద బండి నెమ్మదిగా తోలాలి బావా," అన్నాడు భీమరాజు, మంచం పక్కన కుర్చీ లాక్కుంటూ.

సురేంద్ర గోడకేసి తిరిగిపోయాడు. దుప్పటి మెడదాకా లాక్కున్నాడు. అది చూసిన లీలావతి చూపు భీమరాజు చేతి మీదకి వెళ్ళింది. కుడిచేతి వేళ్ళ కణుపులు తోలు లేచి ఎర్రగా ఉన్నాయి.

"చేతికేమైందిరా?"

"కొబ్బరికాయ ఒలుస్తుంటే తగిలిందండి అత్తయ్యా."

"ఆయ్! కువైట్ వెళ్ళేక కాయలు పిడికిలితో ఒలుస్తున్నావా?"

భీమరాజు నవ్వబోయాడు. అప్పుడు సురేంద్ర గోడకేసి చూస్తూనే, కుట్ల మధ్యనుంచి కూడగట్టుకుని అన్నాడు. "వీడేనమ్మా. వీడూ, వీడి స్నేహితులూ. ఇంకోసారి వాడితో కనబడితే కాలవలో తొక్కేస్తామన్నారు."

భీమరాజు గుమ్మం కేసి చూశాడు. అక్కడ వరప్రసాదం నిలబడి ఉన్నాడు.

"నన్నలా చూస్తారేంటండి అత్తయ్యా? మావయ్యగారే కదండీ చెప్పమన్నారు! రెండు తగిలించైనా సరే మాన్పించరా అన్నారు. ఇలాంటివాళ్ళని వదిలేస్తే మనం ఊళ్ళో తలెత్తుకోగలమా అండి?"

లీలావతి మొగుడి మొహం చూసింది. అబద్ధమని అంటాడేమోనని చూసింది. ఆయన మొహం తిప్పేసుకున్నాడు.

ఆవిడ నడిచివెళ్ళి భీమరాజు చేతిలోంచి కాఫీ గ్లాసు వెనక్కి తీసేసుకుంది.

గోదావరి జిల్లాల్లో ఆస్తి తగాదాల్లో ఒకళ్ళ మీద ఒకళ్ళు కోర్టుకెక్కినవాళ్ళు కూడా ఇంటికొస్తే కాఫీ ఇస్తారు. ఇచ్చిన కాఫీ, అదీ సగం తాగింది, వెనక్కి తీసుకోవడం ఎవరూ కనీవినీ ఎరగరు. భీమరాజు ఖాళీ చేతితో అలాగే ఉండిపోయాడు.

"లే. నీ బ్రెడ్డు కూడా పట్టుకుపో."

వాడు వెళ్ళాక వరప్రసాదం దగ్గరికొచ్చాడు. "ఇంత కొడతాడనుకోలేదు లీలా. కేసంటే వాడి వీసా పోతుంది, మా చెల్లెలు ఉరేసుకుంటుంది. నలుగురం కూర్చుని రాజీ..."

"ఎంత కొడితే సరిపోయేదండీ? చెప్పండి, కొలత చెప్పండి! చెయ్యి వరకూ ఫర్వాలేదా, దవడ ఎక్కువైందా? మీ కొడుకుని మీరు కొట్టిస్తే, ఆ కొట్టినవాడికి నా చేత కాఫీ పెట్టిస్తారా?" ఆవిడ గొంతు వీధి చివరిదాకా వినబడింది. "నాన్న చెప్పేరని వాడికి గట్టు మీదే తెలిసిపోయుంటుంది. అయినా మీ పరువు కోసం నోరు మూసుకున్నాడు. మీరేమో పచ్చడిబండ పట్టుకున్నారు!"

గోడ అవతలనుంచి సుగుణ టీచరుగారు వచ్చేశారు. పొరుగింటావిడ, రిటైరైన మనిషి, అరుపులు వింటే ఆగలేరు. సంగతి విని చెప్పులు విప్పకుండానే అన్నారు. "పదండి లీలావతిగారూ. స్టేషన్‌కి నేనూ వస్తాను."

ఆటోలో ఆవిడ నెమ్మదిగా చెప్పారు. "మా నాన్నగారిని చెరువు దగ్గర కొట్టినప్పుడు ఏదో చిన్న తగాదా అని రాసేరండి. మా కులం చూసి కొట్టేరని ఊరంతటికీ తెలుసు. ఎందుకు కొట్టేరో కూడా నేరమేనని చట్టం వచ్చేకే కొంతమందైనా చెయ్యెత్తే ముందు ఆగేరు. మీవాడికి అలాంటిదింకా రాలేదు."

నిజమే, రాలేదు. స్టేషన్‌లో రాసే ఆయన పెన్ను మూసేసి అన్నాడు. "బావాబావమరదుల గొడవ అని రాస్తానండి."

"గొడవ కాదండి. మగాణ్ణి ప్రేమించేడని కొట్టేరు. అది రాయండి."

"రాసినా దానికి వేరే సెక్షన్ లేదమ్మా. కొట్టినందుకుంది. ఎందుకని కొట్టేరో దానికి లేదు."

"లేకపోతే పెట్టాలి కదండీ! చెరువులో మందు కలిపి రొయ్యల్ని చంపితే పగతోనా పొరపాటునా అని అడుగుతారు. నా కొడుకు దగ్గరికొచ్చేసరికి అడగరా? రేపు ఇంకో గట్టు మీద ఇంకో తల్లి కొడుకుని కొడితే అదీ బావమరదుల గొడవేనా?"

ఆయన మాట మార్చాడు. "సాక్ష్యం ఎవరమ్మా? ఎవరూ చూళ్ళేదంటున్నారు."

"నేనండి."

వెనక వరప్రసాదం. చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకున్నాడు. నడిచే వచ్చినట్టున్నాడు, కాళ్ళ నిండా దుమ్ము.

"ఆవిడ చెప్పినట్టే రాయండి. మావాడు మగాణ్ణి ప్రేమించేడని కొట్టేరు. కొట్టించింది నేను. భీమరాజు పేరు కన్నా ముందు నా పేరు రాయండి." పెద్దమనిషి, బెంచీ మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. లీలావతి ఓదార్చలేదు. కానీ పక్కనుంచి కదలనూ లేదు.

ఫిర్యాదు ఆవిడ చెప్పినట్టే రాశారు. ఎప్పుడు పిలిచినా రావాలని వరప్రసాదంతో సంతకం పెట్టించుకుని పంపించారు. చట్టం లేకపోతే లేకపోయింది, కారణం మాత్రం కాగితం మీదకెక్కింది. అలాంటి చట్టం కావాలని ఎమ్మెల్యేగారిని ఎలా అడగాలో టీచరుగారు ఆటోలోనే మొదలుపెట్టారు.

సాయంత్రం లీలావతి రెండు కాఫీలే కలిపింది, తనకీ కొడుక్కీ. వరప్రసాదం మంచం దగ్గర నిలబడ్డాడు, కూర్చోవచ్చో లేదో తెలియక.

"నాన్నా," అన్నాడు సురేంద్ర, ఏడాది తరవాత. "కూర్చోండి."

ఆయన కొడుకు పాదాల దగ్గర కూర్చుని, వాటి మీద చెయ్యి వేసి తల దించుకున్నాడు. సురేంద్ర బాగున్న చేత్తో తన గ్లాసు ఆయన వైపు జరిపాడు. లీలావతి చూసీ చూడనట్టు వాకిట్లోకి వెళ్ళి అద్దం పెంకులు ఊడవడం మొదలుపెట్టింది. కోపం పోలేదు. ఆ చట్టం వచ్చేదాకా పోయేలా లేదు కూడా.

"ఏవండీ," అని కేకేసింది అక్కడినుంచే. "తాగేక వచ్చి రెండో అద్దం పెంకులు మీరెత్తండి."