ఏటిమొగ ఒప్పందం

అనుభవవాహిని పట్టీని నుదుటి మీంచి తీసేశాక కూడా బండెమ్మ కుడిచేతిలో తిమ్మిరి కాసేపు వదల్లేదు. ఆ తిమ్మిరి ఆమెది కాదు. పెద్దబోట్ల సంఘం పెద్ద ఎల్లాజీది.

ఏరు సముద్రంలో కలిసే ఏటిమొగలో చేపలు గుడ్లు పెట్టే జాగాను మూడేళ్ళపాటు మూసేయాలంటే చిన్నపడవల వాళ్ళూ, పెద్దబోట్ల వాళ్ళూ ఇద్దరూ ఒప్పుకోవాలి. ఓటుకు ముందు ప్రతి సంఘం పెద్దా అవతలి పెద్ద గడిపిన రోజుల్ని ఈ పట్టీ ద్వారా అనుభవించి తీరాలన్నది ఆ కాలపు తీరచట్టం. అతని కళ్ళు చూసిందీ, చెవులు విన్నదీ, ఒళ్ళు పడ్డదీ అంతా అందులో వస్తుంది. చిన్నపడవల పెద్దగా బండెమ్మ ఎల్లాజీ రోజుల్ని గడిపింది.

ఒళ్ళు బాగాలేని పెద్దకు ఓటుండదు. మొగ మూయడానికి ఎల్లాజీ ఒప్పుకోవడం లేదు; అతను తప్పుకుంటే తర్వాతివాడు ఎలాగూ ఒప్పుకుంటాడు. అధికారులకు ఒక్క మాట చెబితే చాలు. ఆమె మాత్రం జెట్టీకి వెళ్ళి, బోటులో ఒంటరిగా ఉన్న ఎల్లాజీ ముందు కూర్చుంది.

"చెయ్యి ఎన్నాళ్ళ నుంచి ఇలాగుంది అన్నా?"

అతను ఆ చేతిని తువ్వాలు కింద దాచుకున్నాడు. "మా ఇంటిదానికి కూడా తెలీదు," అన్నాడు. "అధికారులకి చెప్పెయ్యకపోయావా? నీ పని అయిపోయేది."

"అయ్యేది. రేపు మీవాళ్ళు మొగలోకి వల దించితే ఎవరి మాట వింటారు? నీ మాటేగదా."

ఎల్లాజీ నీళ్ళకేసి చూశాడు. "మూడేళ్ళు నా బోట్లో పనిచేసే కళాసీలు ఏం తింటారు?"

"మొగకి కాపలా కావాలి. వాళ్ళనే పెడదాం. జీతం అడుగుదాం, ఇద్దరం కలిసి."

"నీ రోజులు నేనూ చూశాను," అన్నాడతను నెమ్మదిగా. "పొద్దుట ఏమీ తినకుండా సముద్రంలోకి పోతావు."

బండెమ్మ తల దించుకుంది.

ఎల్లాజీ మొగ మూసేయడానికే ఓటు వేశాడు. ఆ మర్నాడే ఆసుపత్రికి వెళ్ళి, చుక్కాని వేరొకరికి అప్పగించాడు. మొగ మూసేశారు. మూడో ఏటికి కవ్వళ్ళ చేపలు గుంపులుగా తిరిగొచ్చాయి. అధికారులు వచ్చి చేపలు లెక్కపెట్టి, సంతోషించి, పట్టీలు తీసుకుని వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం ఎల్లాజీ భార్య అప్పలకొండ బండెమ్మ ఇంటికొచ్చింది. గుమ్మంలోనే నిలబడిపోయింది.

"నలభై ఏళ్ళ కాపురం. తన మనసులో ఎలాగుంటాదో ఒక్కనాడూ నాతో చెప్పలేదు. నీకు తెలుసట గదా. నేను అడగొచ్చా?"

బండెమ్మ ఆమెను లోపలికి పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. ఏది చెప్పొచ్చో, ఏది చెప్పకూడదో కాసేపు ఆలోచించుకుంది.

"వేట నుంచి తిరిగొచ్చేటప్పుడు ఒడ్డున మీ ఇల్లు కనబడేది గదా వదినా," అంది. "అప్పుడు ఆయన గుండె ఎంత తేలికపడేదో, నాకు తెలుసు."