ముడుపు విప్పిన పొద్దున

సంచి ఎంతకీ సర్దడం కావడం లేదు. సీతారావమ్మ గోంగూర పచ్చడి డబ్బాను తువ్వాల్లో చుట్టి అడుగున పెట్టింది. మళ్ళీ తీసి పైకి మార్చింది. కందిపొడి, జ్వరం బిళ్ళలు, టార్చిలైటు, గదికి వేసుకోవడానికి ఒక తాళం. ఇంట్లో ఎవరు ప్రయాణమైనా ఆమె చేతులకు నెమ్మది ఉండదు.

"నాయనమ్మా, నేను పోయేది దుర్గికి. దేశాలు దాటి గాదు," అంది ఇంద్రజ జడ అల్లుకుంటూ.

"నువ్వు పక్క వీధికి పోయినా నాకింతేనే."

ఇరవై రెండేళ్ళ ఇంద్రజకు దుర్గి పక్క పల్లెలో పోస్టాఫీసు ఉద్యోగం వచ్చింది. రేపే చేరాలి. పొద్దుటి నుంచి ఆ పిల్ల కాళ్ళు నేల మీద ఆనడం లేదు. నాలుగు ఊళ్ళకు ఉత్తరాలు తనే పంచాలి గనక తండ్రి ఫణీంద్ర తన మోటారు సైకిల్ ఆమెకే ఇచ్చేస్తున్నాడు. ఇద్దరూ దాని మీదే వెళ్తే, సాయంత్రం అతనొక్కడే బస్సులో శావల్యాపురం తిరిగొస్తాడు. గాలి కొట్టించుకొస్తానని బండిని ఎదురుగా ఉన్న మెకానిక్ జిలానీ షెడ్డుకు తోసుకెళ్ళి గంటయింది. ఇప్పుడు అక్కడి నుంచి అతని గొంతు పెద్దగా వినిపిస్తోంది. నాయనమ్మా మనవరాలూ రోడ్డు దాటారు.

"గాలి కొట్టమంటే బండంతా ఊడదీశావేందిరా?"

"గాలి కొట్టాలంటే టైరంటూ ఉండాలి గదన్నా. ఇదిగో, దారాలు బయటికొచ్చినయ్. ముందుది గూడా గుండు. బ్రేకు షూలు అరిగి ఇనుం ఇనుం రాసుకుంటంది. ఇన్నాళ్ళు దేంతో ఆపుతున్నావో చెప్పు."

"కాలు ఆనిస్తా. మొత్తం ఎంతయిద్ది?"

"రెండు టైర్లు, ట్యూబులు, షూలు, కేబులు, నా కూలి. ఆరువేలు."

ఫణీంద్ర చెయ్యి చొక్కా జేబు మీదకు పోయింది. అందులో సరిగ్గా ఆరువేలున్నాయి. కానీ అవి ప్రభ చందావి. వచ్చే ఆదివారమే శివరాత్రి. కోటప్పకొండకు ఊరంతా కలిసి కట్టి, తాళ్ళతో లాక్కెళ్ళే ఎత్తైన ప్రభకు తొలి చందా ఫణీంద్ర తండ్రి రాఘవయ్య గారి ఇంటిదే. తండ్రి పోయాక ఫణీంద్ర ఒక్క ఏడూ తప్పలేదు. ఆ సాయంత్రమే కట్టాలి.

"టైరు లోపల ముక్కేసి సర్దు. బ్రేకు కాస్త బిగించు. నెల జీతం రాగానే పిల్లే మార్పిచ్చుకుంటది," అన్నాడు.

"అవతల సిమెంటు లారీల రోడ్డురా," అంది సీతారావమ్మ.

"నువ్వూరుకో అమ్మా. అన్నిటికీ భయమే నీకు."

ఆమె జిలానీ వైపు తిరిగింది. "నీ కూతురైతే దీన్నెక్కిచ్చి పంపుతావా?"

జిలానీ చేతులు తుడుచుకున్నాడు. "పంపను పెద్దమ్మా."

ఆమె ఇంకో మాట అనకుండా ఇంట్లోకి వెళ్ళింది. దేవుడి గూట్లోంచి పసుపు గుడ్డ మూట తెచ్చి షెడ్డులో బల్ల మీద పెట్టింది. ఫణీంద్ర ముఖం మారిపోయింది.

"అది అన్న ముడుపు."

పెద్దకొడుకు యల్లమంద తిరునాళ్ళకని వెళ్ళి కనపడకుండా పోయినప్పుడు కట్టిన ముడుపు అది. వాడొస్తే వాడి చేతనే కొండ మీద చెల్లిస్తానని మొక్కుకుంది. పన్నెండేళ్ళుగా ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

"నా కాలు విరిగినప్పుడు విప్పలా. పైరు పోయినప్పుడు విప్పలా. ఇప్పుడు టైర్లకు విప్పుతావా?"

"స్వామికి నేను చెప్పుకుంటా," అంది. ముడి బిగుసుకుపోయింది. పళ్ళతో లాగింది.

లోపల ఒక రూపాయి బిళ్ళ, ఆరు వెయ్యి నోట్లు.

ఆ నోట్లు రద్దయి తొమ్మిదేళ్ళు దాటింది.

"నాయనమ్మా, ఇవి చెల్లవు," అంది ఇంద్రజ మెల్లగా.

"రద్దయినప్పుడు ఇంటింటికీ తిరిగి మార్పిచ్చా గదమ్మా," అన్నాడు ఫణీంద్ర. "పాత నోట్లున్నయ్యా అని నిన్ను మూడుసార్లడిగా. లేవన్నావు."

"అవి నాయి గాదు గదరా. స్వామివి."

ఆమె ఒక్కో నోటునూ మోకాలి మీద సాపు చేసింది. "వాడు పోయేటప్పుడు నేను పొయ్యికాడున్నా. అమ్మా పోయొస్తా అన్నాడు. సరే అన్నా గాని, తిరిగి చూళ్ళా. ఏసుకున్న చొక్కా రంగేందని పోలీసోళ్ళడిగితే చెప్పలేకపోయా. ఈ పిల్లనన్నా సరిగ్గా చూసి పంపనీరా."

ఫణీంద్ర వంగి బ్రేకు డ్రమ్ములోని అరిగిన షూలను వేలితో తడిమాడు. తర్వాత జేబులోని డబ్బు తీసి జిలానీ చేతిలో పెట్టాడు.

"రెండూ కొత్తవే ఎయ్యి. మంచి రకం."

"మరి ప్రభ?" అన్నాడు జిలానీ.

"ఈ ఏడు డబ్బుకు బదులు భుజమిస్తా. తాడు పట్టుకు లాగుతా. నవ్వేవాళ్ళు నవ్వనీ."

సీతారావమ్మ కొడుకు చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకుంది. ముడుపులో చెల్లే రూపాయి బిళ్ళ తీసి జిలానీకిచ్చింది. "ఇది బోణీ." అతను దాన్ని రెండు చేతులా తీసుకున్నాడు.

ఇక షెడ్డంతా సందడి. ఇంద్రజ స్పానర్లు అందిస్తూ ప్రతి పనీ అడిగి నేర్చుకుంది. పదకొండింటికి బండి సిద్ధమైంది. జిలానీ నిమ్మకాయలు తెచ్చి చక్రాల కింద పెట్టాడు. ఇంద్రజ వాటిని తొక్కించి, రోడ్డు చివరిదాకా వెళ్ళి, వేగంగా తిరిగొచ్చి నాయనమ్మ కాళ్ళకు జానెడు దూరంలో ఆపింది.

"చూశావా, ఎట్టా పట్టిందో."

"చూశా. దిగి కాసేపు నిలబడు."

ఆమె మనవరాలిని తల నుంచి కాళ్ళదాకా చూసింది. ఆకుపచ్చ చుడీదారు, తెల్ల చున్నీ, ఎడమ చెప్పుకు కొత్త కుట్టు. గొణుక్కుంటూ రెండుసార్లు చెప్పుకుంది. తండ్రీకూతుళ్ళెక్కిన బండి మలుపు తిరిగాక కూడా చెప్పుకుంటూనే ఉంది.

శివరాత్రి ముందు రోజు, శనివారం సాయంత్రం ఆరింటికి ఇంద్రజ అదే బండి మీద ఇంటికొచ్చింది. యల్లమంద మాత్రం ఈ ఏడూ రాలేదు. అతను తిరునాళ్ళకని వెళ్ళింది రెండు వేల పద్నాలుగు ఫిబ్రవరి ఇరవై ఏడున, శివరాత్రి పొద్దున.