నిన్నటి నుంచే జ్వరం!

“ఇంకొక్క ముక్క అమ్మా... నా తల్లివి కదూ! ఈ ఒక్కటీ మింగేయ్...”

బొనారియా రొట్టె ముక్కను తల్లి నోటి దగ్గర పెట్టింది. చిన్న గాజు సీసాలోని నూనె మందంతా ఆ ముక్క మీదే పోసింది. డాక్టరమ్మ చెప్పింది నెలకు ఒక్క సీసా. జనవరి సీసా నెల మొదట్లోనే అయిపోయింది. నిన్న ఫిబ్రవరిది పోసింది, ఇవాళ మార్చిది! అయినా జ్వరం దిగదే! ఎనభై ఒక్క ఏళ్ల అంటియోకమ్మ మంచం మీద సగం కళ్లు మూసుకుని పడి ఉంది. ఊపిరి తీస్తే ఛాతీలో పిల్లికూతలు. ఇవాళ్టికి జ్వరం మూడో రోజు.

“డాక్టరమ్మకి ఓ మాట చెప్పవే బొనా...” అంది తల్లి నీరసంగా.

“చెబుతానమ్మా. రేపు పొద్దున్నకి తగ్గకపోతే తప్పకుండా చెబుతాను. ఇంత విటమిన్ డి ఒంట్లో పడ్డాక తగ్గక ఎక్కడికి పోతుంది!”

ఏం చెప్పమంటారు! బొనారియా చెడ్డ మనిషి కాదు. యాభై నాలుగేళ్లు వచ్చినా పెళ్లి మాట ఎత్తకుండా అమ్మానాన్నలను కనిపెట్టుకుని ఉండిపోయిన పిల్ల. చెల్లెలు గ్రాజియెట్టా పెళ్లి చేసుకుని కాల్యరీ పట్నంలో కాపురం పెడితే, ఇంటి బరువంతా తలకెత్తుకున్నది ఈమే. కానీ నలుగురి నోళ్లంటే ప్రాణభయం ఆమెకు! ఏడాదిన్నర కిందట తండ్రి పోయాడు. మా సార్డీనియా దీవి పల్లెల్లో భర్త పోయిన ఆడది నల్లబట్ట కట్టుకుని గడప దాటదు, వీధి వైపు కిటికీలు తెరవరు. ఇప్పుడు ఎందరు పాటిస్తున్నారు కనుక! అయినా బొనారియా తల్లి చేత పాటింపజేసింది. తల్లి ఒకటి రెండుసార్లు “పెరట్లో కాసేపు కూర్చుంటానే” అని నోరు తెరిచి అడిగింది కూడా. “ఎదురింటి మేడ మీంచి కనిపిస్తుందమ్మా, ఏమనుకుంటారు?” అని బొనారియా చేయి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది. ఎండకు కరువా మా దీవిలో? ఆ ఎండే ఆ ముసలి ఒంటికి కరువైపోయింది!

కిందటి శరదృతువులో రక్తపరీక్ష చూసి డాక్టరమ్మ నెత్తి కొట్టుకుంది. మూడు పనులు చెప్పింది. నెలకో సీసా రొట్టె మీద పోసి పెట్టు, మధ్యాహ్నం పూట ఎండలో కూర్చోబెట్టు, చలి రాకముందే ఫ్లూ టీకా వేయించు, కావాలంటే నేనే ఇంటికొచ్చి వేస్తాను అంది. బొనారియా అందులో మొదటిదొక్కటే పట్టుకుంది. “టీకా ఎందుకులెండి డాక్టరమ్మా, సీసా ఉందిగా! ఆ సీసా మందు తిన్నవాళ్లకి జలుబు దరి చేరదట, వీధిలో అందరూ అంటున్నారు” అని నవ్వుతూ దాటేసింది. ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని పిలుస్తుంది? ఆవిడొస్తే మూసిన కిటికీలు చూస్తుంది, టీకా సంగతి అడుగుతుంది, చీవాట్లు పెడుతుంది... ఆ సిగ్గుతోనే ఒక పూట, ఇంకో పూట, మరో పూట గడిచిపోయాయి.

నాలుగో రోజు తెల్లారేసరికి అంటియోకమ్మ పెదవులు నీలంగా మారాయి. “అమ్మా!” అని బొనారియా పెట్టిన కేక ఆమెకే వినబడలేదు. మూడుసార్లు తప్పు నంబరు నొక్కి, నాలుగోసారికి అంబులెన్సును పిలిచింది.

ఆస్పత్రిలో కుర్ర డాక్టరు కాగితం మీద రాసుకుంటూ అడిగాడు. “జ్వరం ఎప్పటి నుంచి?”

“నిన్నటి నుంచే...”

ఆ మాట ఎలా వచ్చిందో, నోట్లోంచి వచ్చేసింది! వెనక్కి తీసుకుందామనుకుంది. అంతలో కబురందుకున్న గ్రాజియెట్టా పరుగున వచ్చి అక్కను వాటేసుకుంది. “ఒక్క రోజు జ్వరానికే తీసుకొచ్చావా అక్కా! నువ్వు లేకపోతే అమ్మ గతేం కాను? నాకు పుట్టింట్లో ఇద్దరు తల్లులే!” అని భుజం మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. డాక్టరు కాగితం మీద ఆ మాట అలాగే ఉండిపోయింది.

ఊపిరితిత్తులు రెండూ పట్టేశాయన్నారు. సాయంత్రం డాక్టరమ్మ కూడా చూడటానికి వచ్చింది. బొనారియా ఆమెను వరండాలో పక్కకు తీసుకెళ్లి, గొంతు తగ్గించి, “సీసాలు ఎక్కువ పోశానండీ... రెండు రోజుల్లో రెండు. అందుకేనా ఇలా...?” అంది.

“కాదమ్మా. ఆ రెండు సీసాల వల్ల వచ్చిన ముప్పేం లేదు. ఆ మందు ఎముకలకి. ఒంట్లో బాగా తక్కువున్నవాళ్లకి, రోజూ కొంచెం కొంచెం వేసుకుంటే దగ్గూ జలుబూ కాస్త తగ్గుతాయేమోనన్నారు. అదీ గట్టిగా చెప్పలేం. అంతేగానీ వచ్చిన జ్వరాన్ని దించే మందు కాదది! అదృష్టం, నువ్వు మర్నాడే తీసుకొచ్చావు. నాలుగైదు రోజులు చూస్తూ కూర్చునేవాళ్లుంటారు, వాళ్లతోనే నా తంటా అంతా” అని బొనారియా చెంప నిమిరి వెళ్లిపోయింది.

అలా నిమరడం కంటే చెంపదెబ్బ నయం!

ఆరో రోజున అంటియోకమ్మకు కాస్త తెలివొచ్చింది. గ్రాజియెట్టా కాఫీకని బయటికి వెళ్లింది. బొనారియా తల్లి చేతి మీద తల వాల్చేసింది.

“అమ్మా, నేను పాపిష్టిదాన్నే! నువ్వు డాక్టరమ్మను పిలవమన్నావు, నేను పిలవలేదు. పైగా నిన్నటి నుంచే జ్వరమని అబద్ధం చెప్పాను...”

“తెలుసులేవే, విన్నాను.” తల్లి ఊపిరి కూడదీసుకుంది. “ఆ కుర్ర డాక్టరు నన్నూ అడిగాడు.”

“ఏం చెప్పావు?”

“నువ్వేం చెప్పావో అదే. నిన్నటి నుంచే అన్నాను.”

“అమ్మా!”

“ష్... అరవకు. నువ్వు నా కోసం ముప్పై ఏళ్లు పోగొట్టుకున్నావు. మూడు రోజుల కోసం నిన్ను నలుగురి ముందూ నిలబెడతానా? మీ చెల్లెలి ముందు అసలే వద్దు. దానిది కోపిష్టి నోరు. ఈ మాట మన ఇద్దరిలోనే పోవాలి. నాకు మాటివ్వు బొనా.”

బొనారియా మాటిచ్చింది. తల్లి ఆ చావు మంచం మీద కూడా కూతురి తప్పును కడుపులో దాచుకుందే! ఏడుపు ఆపుకోలేక దుప్పటి అంచు నోట్లో కుక్కుకుంది. తొమ్మిదో రోజు మధ్యాహ్నం అంటియోకమ్మ కన్నుమూసింది.

సమాధి చేసి వచ్చిన రోజు ఆ ఇంట్లో పొయ్యి వెలిగించరు. ఇరుగుపొరుగు వాళ్లే వండి తెచ్చి వడ్డిస్తారు. గొర్రె మాంసం పులుసు, గొర్రెపాల చీజు, కరకరలాడే పల్చటి రొట్టెలు బల్ల నిండా పరిచారు. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు, కానీ అందరి నోటా ఒకటే మాట. “బొనారియా లాంటి కూతురు ఎవరికుంటుంది! తల్లిని కంటికి రెప్పలా చూసుకుంది...” ఆ పొగడ్త వినబడిన ప్రతిసారీ బొనారియా నోటి దాకా తెచ్చిన ముద్దను మళ్లీ పళ్లెంలో పెట్టేస్తోంది.

పక్కింటి పెప్పినా అత్తకు డెబ్బై తొమ్మిదేళ్లు. పులుసు వడ్డిస్తూనే చేయి అడ్డం పెట్టుకుని దగ్గింది. ఆగి, మళ్లీ దగ్గింది. బుగ్గలు ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

“అత్తా, ఒళ్లు కాలిపోతోంది నీకు!” బొనారియా ఆమె మణికట్టు పట్టుకుంది. “ఎన్నాళ్లయింది?”

“రెండు రోజులు. ఏం లేదులే, నా దగ్గరా నాలుగు సీసాలు దాచుకున్నాను. నిన్నొకటి పోసుకున్నా, ఇవాళొకటి పోసుకుంటా.”

“డాక్టరమ్మను పిలుద్దాం అత్తా. ఇప్పుడే.”

“పిలిస్తే ఆస్పత్రి అంటుంది. ఎందుకమ్మా నాకు ఆస్పత్రి? మీ అమ్మను చూశాంగా! ఒక్క రోజు జ్వరానికే పరిగెత్తుకుంటూ తీసుకెళ్లావు, ఏమైంది? నడిచే మనిషి పెట్టెలో తిరిగొచ్చింది! నేను నా మంచంలోనే పడి ఉంటాను. నా సీసాలు నాకు చాలు.”

చుట్టూ ఉన్న ఆడవాళ్లు తలలూపారు. “నిజమే, ఒక్క రోజు జ్వరమే పాపం, ఆస్పత్రికి పోయే పోయింది” అంది ఒకావిడ.

బొనారియా ఆ ఊగే తలలన్నిటి వంకా చూసింది. అయ్యో! తన అబద్ధం అమ్మతో పాటు మట్టిలో కలిసిపోలేదే! ఈ వీధి ముసలమ్మల ముందు ఆస్పత్రి తలుపుకు గొళ్లెం పెట్టి కూర్చుందే! ఒక పక్క అమ్మకిచ్చిన మాట... అమ్మ ఆయాసపడుతూ కాపాడిన తన పరువు... ఇంకో పక్క కళ్లెదుట దగ్గుతున్న ఈ మనిషి. అమ్మా, నన్ను క్షమించు! నీకిచ్చిన మాట తప్పుతున్నాను...

లేచి నిలబడింది.

“ఒక్క రోజు కాదత్తా. నాలుగు రోజులు.”

బల్ల చివర కూర్చున్న గ్రాజియెట్టా చెంచా కింద పెట్టి అక్క వైపు తిరిగింది.

“నాలుగో రోజుదాకా ఇంట్లోనే పెట్టాను. డాక్టరమ్మను పిలవమని అమ్మ అడిగింది, నేను పిలవలేదు! నువ్వు పోసుకుంటున్నట్టే సీసా మీద సీసా పోశాను. నలుగురూ ఏమనుకుంటారోనని కిటికీ తెరవలేదు, సీసా ఉందిగా అని టీకా వేయించలేదు. అమ్మను ఆస్పత్రి చంపలేదు. నేను చేసిన ఆలస్యం చంపింది! అందరితో అబద్ధం చెప్పాను. అమ్మ కూడా నా కోసం అబద్ధం చెప్పింది...”

గ్రాజియెట్టా ముఖం పాలిపోయింది. “నాలుగు రోజులా? ఫోనుందిగా ఇంట్లో! నాకొక్క మాట... ఒక్క మాట చెప్పలేకపోయావా? గంటలో వచ్చి వాలేదాన్నే!” అంటూ బల్ల మీద అరచేత్తో గట్టిగా కొట్టింది. గిన్నెలోని పులుసు తొణికింది. “ఈ ఊళ్లో వాళ్ల నోళ్లకి భయపడి అమ్మను చంపుకున్నావా అక్కా! నిన్ను ఎన్నటికి క్షమిస్తానో నాకే తెలియదు, పో!”

“క్షమించకు. నువ్వు తిట్టు, ఎంత కావాలంటే అంత తిట్టు. కానీ ముందు అత్తను చూడనీ.”

బొనారియా కొక్కేనికున్న నల్ల శాలువా తీసి పెప్పినా అత్త భుజాల చుట్టూ కప్పింది. ముసలావిడ ఈసారి బొనారియా చేతిని గట్టిగా పట్టుకుంది.

“ఇవాళ నువ్వు గడప దాటకూడదే పిల్లా! తల్లిని పూడ్చి పూట కాలేదు!” అంది మూల నుంచి ఎవరో.

“తెలుసు పెద్దమ్మా” అంది బొనారియా. తలుపు బార్లా తీసింది. మిట్టమధ్యాహ్నం ఎండ. ఎదురింటి మేడ మీద ఇద్దరు ఆడవాళ్లు నిలబడి చూస్తున్నారు. ఆమె తల వంచుకోలేదు. అత్తను నడిపించుకుంటూ వీధిలోకి దిగింది.

వెనక చకచకా అడుగులు వినిపించాయి. గ్రాజియెట్టా ఏడుస్తూనే వచ్చి, పెప్పినా అత్త రెండో చేయి పట్టుకుంది. అక్క ముఖం మాత్రం చూడలేదు.

“కారు నేను తీస్తాను” అంది.