రెండో ఖాళీ

మా కొట్లో ఒక పద్ధతుంది. తుపాకీ బాగుచేసేవాడు ముందు దాన్ని తెరిచి, తూటాలు పట్టే ప్రతి అరనూ వెలుతురుకెదురుగా పట్టి చూసి "ఖాళీ" అనాలి. ఎదురుగా బెంచీ మీద కూర్చున్న రెండో మనిషి కూడా చూసి "ఖాళీ" అనాలి. ఆ తర్వాతే ఇసుక బస్తా వైపు పెట్టి ట్రిగ్గర్ నొక్కి చూడటం. బస్తా పక్కనే ఇంట్లోకి వెళ్ళే తలుపు. ఇప్పుడు ఇంట్లో ఉండేది అక్కా నేనూ ఇద్దరమే. రెండో ఖాళీ బెంచీ మీంచి వినబడిందంటే తలుపు దగ్గర ఎవరూ లేరన్నమాట.

ఈ పద్ధతి పెట్టింది మా బావ. నోట్లో ఎప్పుడూ లవంగం మొగ్గ, నా మీద ఎప్పుడూ విసుగు. పని నేర్పినన్నాళ్ళూ ఒక్క మంచి మాట అన్న పాపాన పోలేదు. అక్క దగ్గర మాత్రం వెన్నముద్ద. ఆమె లేకుండా వీధి చివరికి కూడా వెళ్ళేవాడు కాదు. "నువ్వు పక్కన లేకపోతే నాకు కాళ్ళాడవే" అనేవాడు. మొన్న వేసవిలో ఆ బెంచీ మీదే గుండె ఆగి పోయాడు. అప్పట్నుంచీ రెండో ఖాళీ అక్క చెబుతోంది.

ఆ సాయంత్రం బాగా వాన. బ్యాంకు కాపలాదారు ఇచ్చివెళ్ళిన రివాల్వర్ నా చేతిలో ఉంది. తూటాలు లేవు, ఉత్త రివాల్వరే ఇచ్చాడు. దాని చక్రం తిరుగుతూ తిరుగుతూ ఒక అర దగ్గర పట్టేస్తోంది. ఇలాంటి జబ్బుకి చాలాసార్లు మసే కారణం. చక్రం వెనక ఉండే పళ్ళ కింద బ్రష్షుతో దులిపాను. పట్టేసింది. చక్రం మధ్య కడ్డీ వంగిందేమోనని విప్పి అద్దం మీద దొర్లించాను. తిన్నగానే ఉంది. బిగించి మళ్ళీ తిప్పాను. అదే అర దగ్గర పట్టేసింది.

"మొండిఘటం!" అన్నాను.

"మీ బావ నిన్ను తిట్టే తిట్టు దానికి తగిలించావా?" అని బెంచీ మీంచి అక్క నవ్వింది.

అంతలో కరెంటు పోయింది.

రేకుల మీద వాన హోరు. నూనె వాసన, తడి గోడల వాసన. తడుముకుని టార్చి వెలిగించి బల్ల మీద పెట్టాను. చక్రం తెరిచి ఒక్కో అరలోంచీ వెలుతురు చూశాను. ఆరింటిలోంచీ కనబడింది.

"ఖాళీ," అన్నాను.

"ఖాళీ," అని బెంచీ మీంచి వచ్చింది.

గొంతు బరువుగా ఉంది. చల్లగాలికి అక్కకి జలుబు చేసిందేమో అనుకున్నాను. చక్రం మూసి తిప్పాను. ఎక్కడా పట్టలేదు! హమ్మయ్య అనుకుని బస్తా వైపు పెట్టాను. వేలు ట్రిగ్గర్ మీదికి వెళ్ళింది... కొద్దిగా నొక్కాను...

లవంగం వాసన.

తలుపు కిర్రుమంది. కొవ్వొత్తి వెలుగు. దాని వెనకాల అక్క.

"వెలుగు కోసం లోపలికెళ్ళాన్రా. ఎవరితో మాట్లాడుతున్నావు?"

చీకట్లో బస్తా వైపనుకుని పట్టిన గొట్టం ఆమె గుండెకెదురుగా ఉంది. వేలు వెనక్కి తీశాను. టార్చి బెంచీ వైపు తిప్పాను. ఎవరూ లేరు.

చక్రం తెరిచాను. ఇందాకటిదాకా పట్టేసిన అరలో... తూటా ఉంది.

"అక్కా... ఆ బెంచీ దగ్గరికి వెళ్ళకు," అని గుసగుసగా అన్నాను. "నేను ఖాళీ అంటే, అక్కణ్ణుంచి ఎవరో ఖాళీ అన్నారు."

అక్క తూటా వైపు చూడనే లేదు. "ఆయన గొంతేనా?"

అబద్ధం చెప్పలేకపోయాను. తలూపాను. ఆమె భయపడుతుందనుకున్నాను. కానీ ఇన్ని నెలల తర్వాత ఆ మొహంలో సంతోషం చూశాను. నాకు ఏడుపొచ్చింది.

"రేపే కొట్టు మూసేద్దాం. నువ్వు పిన్ని వాళ్ళింటికి వెళ్ళిపో."

"ఆయన్ని ఒక్కణ్ణీ వదిలేసా?"

తూటా తీసి జేబులో వేసుకున్నాను. రివాల్వర్ని ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేశాను. అక్క కొవ్వొత్తి పట్టుకుని వెళ్ళి బెంచీకి ఒక చివర కూర్చుంది. బావ ఉన్నప్పటిలాగే, పక్కన చోటు వదిలి.

"లే అక్కా, పోదాం," అంటూ షట్టర్ దించడానికి అటు తిరిగాను.

వెనక, తాళం వేసిన పెట్టెలో, చక్రం తిరుగుతోంది. టిక్... టిక్... టిక్... ఎక్కడా పట్టడం లేదు.

జేబు తడుముకున్నాను. తూటా లేదు.

"ఖాళీ," అని వినబడింది బెంచీ మీంచి. ఇద్దరి గొంతులు. ఒకేసారి.