ప్లాస్టిక్ చప్పుడు

నాలుగో అంతస్తు ఎడమవైపు తలుపు ముందు నుంచి పోయేటప్పుడు ఆ మేడలో ఎవరూ మాట్లాడేవారు కారు. నవ్వుతూ మెట్లెక్కే కుర్రకారు కూడా అక్కడికి రాగానే గొంతు తగ్గించి, గబగబా పైకి పోయేవారు. ఐదో అంతస్తులో ఉండే ముసలావిడ, అందరూ మర్యాదకి 'కిరా' అని పిలిచే పగోనా అయితే, లిఫ్ట్ పాడైన రోజుల్లో ఆ తలుపు వైపు చూడకుండా, దిష్టి తగలకూడదని తన రొమ్ము మీదే తుప్‌తుప్‌మని ఉమ్ముకుని దాటేది.

ఏథెన్స్‌లో, కిప్సెలీ పేటలో ఉంది ఆ మేడ. ఆ ఎడమవైపు ఇంట్లో ఎవంతియా అనే ఆవిడ ఒంటరిగా ఉండేది. ఒక వడగాల్పుల ఆగస్టులో, ఊరంతా దీవులకీ పల్లెలకీ పోయినప్పుడు, ఏసీ ఎదురుగా కుర్చీలో కూర్చున్నది కూర్చున్నట్టే పోయింది. ఎవరూ చూసుకోలేదు. ఏసీ మాత్రం నడుస్తూనే ఉంది... చచ్చిన మనిషికి రోజుల తరబడి చల్లగాలి విసురుతూనే ఉంది.

ఆ తర్వాత కొడుకూ కూతురూ వాటాల కోసం కోర్టుకెక్కారు. ఇంటికి తాళం పడింది. కరెంటు కూడా తీసేశారు.

అయినా ఈ మధ్య ఏడాదిగా — రాత్రిళ్లు ఆ తలుపు కింద సన్నటి వెలుగు చూశామన్నారు కొందరు. లోపల కుళాయి తిప్పిన చప్పుడు విన్నామన్నారు. వీపు వంచుకుని నడిచే అడుగులు అన్నారు. వీపు వంపు అడుగుల్లో ఎలా వినిపిస్తుందని ఎవరూ అడగలేదు.

ఆ ఇంటి గోడకు ఇవతలి ఇంట్లోకి తొమాయి వచ్చింది, ఆరేళ్ల కూతురు మిర్తోతో. భర్త ఓడ మీద పనిచేస్తాడు. ఏ సముద్రం మీద ఉన్నాడో ఫోను దొరికిన రోజున తెలుస్తుంది. తొమాయి ఒక హోటల్ లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసేది. పిల్లను వెంట తీసుకెళ్లి ఆవిరి తగలని మూల చూసి కూర్చోబెట్టేది.

అంతకుముందు వేసవిలో ఎండదెబ్బ తగిలి మిర్తో కళ్లు తేలేసింది. పళ్లు బిగుసుకుపోయాయి. ఆసుపత్రిలో డాక్టరు, "ఈ పిల్లను వేడిలో పడుకోబెట్టకండి. ఈసారి ఎలా ఉంటుందో నేను చెప్పలేను" అన్నాడు. ఆ ఒక్క మాట తొమాయి మెడలో రాయిలా వేలాడుతూ ఉండేది. అందుకే ఏసీ ఉన్న ఇల్లు వెతుక్కుంది. ఇంట్లో ఉన్నది ఒక్కటే ఏసీ, పడకగదిలో, ఎవంతియా ఇంటి గోడకే. దాని కింద పిల్ల మంచం.

ఆగస్టు మొదలైంది. మేడ ఖాళీ అయింది. మరియమ్మ పండక్కి తన దీవికి పోతూ పగోనా తలుపు కొట్టింది.

"పిల్లా, నువ్వు పోవా?"

"హోటలు నిండా జనం, కిరా పగోనా. దుప్పట్లు ఎవరు ఇస్త్రీ చేస్తారు?"

"అయితే ఒకటి చెబుతా విను. రాత్రి గోడలోంచి ఏదైనా పలికితే... పలక్కు."

"మా ఏసీ గుటకలు వేస్తోంది, అంతే."

"గుటకలా!" ముసలావిడ రొమ్ము మీద ఉమ్ముకుంది. "ఎవంతియాకి దాహమే. కుర్చీలో పోయినప్పుడు పక్కన గ్లాసు ఖాళీగా ఉందట." మెట్లు దిగుతూ మళ్లీ గొణిగింది. "పలక్కు, తల్లీ."

ఆ రాత్రే మొదలైంది.

టక్...

తొమాయి కళ్లు తెరిచింది. ఏసీ చిన్న పచ్చ దీపంతో నడుస్తోంది.

టక్... టక్ టక్.

మిర్తో మంచం మీద లేచి కూర్చుని, మోకాళ్లు కావలించుకుని ఉంది. "అమ్మా... అది గోడలో ఉంది."

తొమాయి ఏసీ ఆపింది. చప్పుడు ఆగలేదు. దీపం వేసింది. ఆగలేదు. పిల్ల దిండు తీసుకుని వంటింట్లోకి పరిగెత్తి, అక్కడ నేల మీద పడుకుంది. ఆ గదిలో గాలి లేదు. తెల్లారేసరికి పిల్ల చెంపలు కాలిపోతున్నాయి, పెదవులు ఎండిపోయాయి. తొమాయి తడిగుడ్డ వేస్తూ కూర్చుంది. దెయ్యం సంగతి ఆమెకు పట్టలేదు. ఈ పిల్ల ఇవాళ రాత్రి మళ్లీ ఆ గదిలో పడుకోవాలి... ఎలాగైనా పడుకోవాలి.

మర్నాడు మెకానిక్ మాంథోస్ వచ్చాడు, తానూ రాత్రి ఓడకి ఊరెళ్లిపోతున్నానని విసుక్కుంటూ.

"ఏమంటోంది మీ ఏసీ? గురకా, తిట్లా?"

"టక్... టక్ టక్ అంటోంది, మాంథోస్ గారూ. ఒక్కోసారి గుటకలు వేస్తోంది."

"టక్ టక్ అనేసి ఊరుకుంటోందా? మా ఆవిడ కంటే నయం."

బాల్కనీలోకి వెళ్లి చూశాడు. ఏసీ నీళ్లు కిందవాళ్ల మీద పడకుండా తొమాయే గొట్టాన్ని ఒక పెద్ద సీసాలోకి వదిలింది. సీసా నిండి, గొట్టం కొస నీళ్లలో మునిగిపోయింది.

"ఇదిగో మీ గుటకలు. గాలి ఈ నీళ్లలోంచి పైకెక్కుతోంది." సీసా వంపేశాడు. గుటకలు అక్కడికక్కడే ఆగిపోయాయి. తొమాయి గుండెల్లోంచి ఏదో సగం బరువు దిగింది.

"మరి టక్ టక్?"

"ప్లాస్టిక్, అమ్మాయ్. చల్లబడితే ముడుచుకుంటుంది, వేడెక్కితే సాగుతుంది. సాగినప్పుడల్లా ఒక టక్. ఆపేశాక కూడా కాసేపు కొడుతుంది. కొత్త చెప్పులు కిర్రుమన్నట్టే."

"కానీ అది పైనుంచి రావడం లేదు. కిందనుంచి... పిల్ల దిండు పక్కనుంచి."

మాంథోస్ అప్పటికే పెట్టె సర్దుకుంటున్నాడు. "గోడ మోస్తుంది చప్పుణ్ణి. పాత మేడలు ఇవి. ఆరో అంతస్తులో తుమ్మితే ఒకటో అంతస్తులో 'ఆరోగ్యం' అని దీవిస్తారు."

అతను చెప్పినవన్నీ నిజాలే.

ఆ సాయంత్రం తొమాయి కూతురికి ఐస్‌క్రీం కొనిపెట్టి, చదువు చెప్పినట్టు చెప్పింది. చల్లబడితే ఏమవుతుంది? ముడుచుకుంటుంది. వేడెక్కితే? సాగుతుంది. అప్పుడు వచ్చే చప్పుడేమిటి? "ప్లాస్టిక్" అంది మిర్తో, నాలుకతో చేతి మీద కారినది నాకుతూ. "మళ్లీ చెప్పు." "ప్లాస్టిక్, అమ్మా."

రాత్రి పిల్ల గదిలోనే పడుకుంది.

టక్... టక్ టక్.

తొమాయి తలుపు దగ్గర నిలబడింది. మిర్తో భయపడలేదు. వేలి గణుపుతో గోడ మీద తిరిగి కొట్టింది — టక్, టక్.

ఒక్క క్షణం ఏమీ లేదు.

టక్... టక్.

"చూశావా అమ్మా, నాతో ఆడుతోంది."

తొమాయి పిల్లను గోడ దగ్గర్నుంచి లాగబోయింది. కానీ పిల్ల నవ్వుతోంది. నవ్వుతూ, చల్లటి గదిలో, తన మంచం మీద ఉంది. రాత్రంతా కొట్టుకుంటున్న యంత్రం, పిల్ల కొట్టిన లెక్కకి ఎప్పుడో ఒకసారి సరిపోతుంది కదా... అనుకుంది తొమాయి. పైకి మాత్రం, "ఆడదు, ప్లాస్టిక్ ఆడదు. గోడ కొట్టకు, పడుకో" అంది.

పిల్ల నిద్రపోయాక ఆమె మెట్ల మీదికి వచ్చింది. ఎవంతియా తలుపు ముందు నిలబడింది. మేడ మొత్తం మీద ఒక్క కుటుంబం లేదు, ఒక్క రేడియో లేదు. తలుపు కింద వెలుగు లేదు. చెయ్యెత్తింది...

ఎత్తిన చెయ్యి అలాగే ఉంది. కొడితే లోపలనుంచి ఎవరైనా పలుకుతారేమోనన్నది ఒక భయం. ఎవరూ పలక్కపోతే, ప్లాస్టిక్ ముక్కను పలకరించడానికి అర్ధరాత్రి మెట్లమీదికి వచ్చిన పిచ్చిదాన్నన్నది ఇంకో సిగ్గు. చెయ్యి దించేసి, ఇంట్లోకి వచ్చి గడియ పెట్టుకుంది.

మరుసటి రాత్రి చప్పుడు నెమ్మదించింది. టక్... అని, చాలాసేపటికి మరో టక్... ఏసీకి అలవాటు పడుతోంది ఇల్లు, అనుకుంది తొమాయి.

ఆ మరుసటి రాత్రి అసలు రాలేదు.

"అమ్మా, ఇవాళ అది పలకలేదు" అంది మిర్తో దుప్పట్లోంచి. "నేను కొట్టాను. ఊరుకుంది."

"బాగుపడిందన్నమాట."

"అలిసిపోయిందేమో."

"నిద్రపో, బంగారం."

ఎన్నో రాత్రుల తర్వాత తొమాయి ఆ రాత్రి కంటినిండా నిద్రపోయింది.

పండగ అయ్యాక పగోనా అత్తిపళ్ల బుట్టతో తిరిగొచ్చింది. నాలుగో అంతస్తులో ఆగిపోయింది. ముక్కుకి చేతిరుమాలు అడ్డం పెట్టుకుంది. ఈసారి ఉమ్ముకోవడం మరిచిపోయింది.

"తొమాయీ... ఈ వాసన నీకు తెలియడం లేదా?"

పోలీసులు తాళం విరగ్గొట్టారు.

లోపల ఉన్నది ఎవంతియా కాదు. ఆవిడ కొడుకు సరాందిస్. దుకాణం మునిగి, ఇల్లు పోయి, ఏడాదిగా తల్లి ఇంట్లోనే దొంగలా బతుకుతున్నాడు. కోర్టులో ఉన్న ఇల్లు కాబట్టి పగలు బయటపడడు. రాత్రి కొవ్వొత్తి, కుళాయి నీళ్లు, చప్పుడు రాకుండా మేజోళ్ల నడక. నలుగురూ దెయ్యమనుకోవడం అతనికి మంచిదే అయింది. ఎవరూ తలుపు తట్టరు.

పక్షవాతం కొట్టిందన్నాడు వచ్చిన డాక్టరు. ఒక పక్కంతా చచ్చుబడింది, నోరు పడిపోయింది. నేల మీద గోడవారకి దొర్లాడు. బాగున్న చేతిలో తలుపు తాళంచెవి ఉంది. మూడు నాలుగు రోజులు బతికే ఉండి ఉంటాడు, అన్నాడు.

తొమాయి గడప దగ్గర నిలబడి ఆ గోడను చూసింది. మోకాలి ఎత్తులో సున్నం రాలి, తాళంచెవి పళ్ల గుర్తులు. ఒకదాని మీద ఒకటి, ఒకదాని మీద ఒకటి. సరిగ్గా దాని అవతల ఏముందో ఆమెకు తెలుసు. ఆ దిండు గలీబు తనే కుట్టింది.

"పక్క ఇల్లు మీదేనా?" అన్నాడు పోలీసు. "మీకేమీ వినిపించలేదా?"

"ఏసీ..." అంది తొమాయి.

ఇల్లు మారదామనుకుంది. ఆగస్టులో ఏసీ ఉన్న ఇల్లు, అదీ ఆమెకు అందేది, ఎక్కడా లేదు. మంచాన్ని మాత్రం ఆ గోడ నుంచి లాగి, గదికి అవతలి వైపు వేసింది. మిర్తోకి ఏమీ చెప్పలేదు. చెబితే పిల్ల మళ్లీ వంటింటి నేల మీదికి పోతుంది.

ఆ వారం చివర్లో ఒక రాత్రి వేడికి పేట మొత్తం కరెంటు పోయింది. ఏసీ పచ్చ దీపం ఆరిపోయింది. వీధి దీపాలు ఆరిపోయాయి. తొమాయి చీకట్లో లేచి, కిటికీ తెరిచి, పిల్లకు పుస్తకం అట్టతో విసురుతూ కూర్చుంది.

టక్...

వేడెక్కితే సాగుతుంది. ఆపేశాక కూడా కాసేపు కొడుతుంది. మాంథోస్ చెప్పాడు. నిజమే చెప్పాడు.

టక్... టక్ టక్.

కాసేపు గడిచింది. గంట గడిచింది. గదిలో వేడి మనిషిలా పక్కన వచ్చి కూర్చుంది. ఏసీ ఎప్పుడో వేడెక్కిపోయి ఉంటుంది.

టక్... టక్ టక్.

కిందనుంచి. ఇదివరకు మంచం ఉన్న చోటునుంచి.

తొమాయి చేతిలోని అట్ట ఆగిపోయింది. లేవబోయింది. ఎక్కడికి పోవాలి? ఏ తలుపు కొట్టాలి ఇప్పుడు?

చీకట్లో మిర్తో ఆమె గౌను అంచు వెతికి పట్టుకుంది. నిద్రమత్తులో, తల్లి నేర్పిన గొంతుతోనే, ఊరడిస్తున్నట్టు అంది —

"ప్లాస్టిక్, అమ్మా... పడుకో."