మైకు బాగానే ఉంది

సోమవారం పొద్దున వెర్లిన్ స్ట్రౌడ్ గుడ్లు వేయిస్తుంటే ఫోన్ మోగింది. ఆస్పత్రి వాళ్లు. తీసింది భార్య లోర్నా. వింటున్నకొద్దీ ఆమె మొహం పాలిపోయింది.

“ఆపరేషన్ వద్దన్నావట! నాకొక్క మాటైనా చెప్పకుండా!”

“రేసుల సీజన్ అయిపోనీ. ఇంకా ఆరు శనివారాలేగా,” అన్నాడు వెర్లిన్ బొంగురుగా.

“గొంతులో క్యాన్సర్ గడ్డ నీ సీజన్ కోసం ఆగుతుందా?”

“కోసేస్తే మాటే పోతుంది లోర్నా! ముప్పై ఒక్క ఏళ్లుగా ఈ అయోవా పల్లెల్లో కార్ల రేసంటే మైకులో నా గొంతే. అది పోయాక నేనెవర్ని?”

మహా మొండిఘటం. లోర్నా నెత్తి కొట్టుకుంది.

అంతలో ఆ మాటలు వింటూనే కూతురు డెలైనా లోపలికి వచ్చింది. ఏడో నెల కడుపు, మోచేతికి కట్టు. మొన్న శనివారం ఆమె భర్త కర్టిస్ కారు మూడో మలుపులో పల్టీలు కొట్టింది. కారు బోల్తా పడ్డాక డ్రైవరు తన కిటికీకి అడ్డంగా కట్టి ఉండే వలను కిందికి దించితే క్షేమమని గుర్తు. మట్టి ట్రాక్ దుమ్ములో అది మెట్ల మీద కూర్చుని రేసు చూసేవాళ్లకు కనబడదు. పైగదిలోంచి వెర్లిన్ చూసి “వల దిగింది” అని మైకులో చెప్పాకే అక్కడి పెళ్లాలూ తల్లులూ కుదుటపడతారు. ఆ రోజు వల దిగింది. మైకులో మాట మాత్రం రాలేదు. డెలైనా ట్రాక్ వైపు పరిగెత్తి మెట్ల మీద పడింది. అదృష్టం బాగుండి బిడ్డకేమీ కాలేదు.

“ఆ పాడు మైకు మార్చమన్నాన్లే తల్లీ,” అన్నాడు వెర్లిన్ చూపు తప్పిస్తూ.

“మైకు బాగానే ఉంది నాన్నా. అందులో నీ ఊపిరి వినబడింది. మాట్లాడాలని చూశావు, రాలేదు. నోటితో చెప్పలేనిదేదో చూశావనుకున్నాను. కర్టిస్ పోయాడనుకున్నాను.” ఆమె భోరుమంది. “ఇప్పుడు నువ్వు కూడా పోతానంటున్నావా?”

పెనం మీద గుడ్లు మాడుతున్నా ఎవరూ కదల్లేదు. వెర్లిన్ కుర్చీలో కూలబడ్డాడు. గొంతు కాపాడుకుంటున్నానని ఇన్నాళ్లూ తనకు తానే చెప్పుకున్నాడు. కన్నకూతురికి కావలసిన ఒక్క నిమిషంలో అది లేనే లేదు. సిగ్గుతో, భయంతో చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. లోర్నా వచ్చి అతని తల తన పొట్టకు అదుముకుంది.

చాలాసేపటికి తేరుకుని తనే ఆస్పత్రికి ఫోన్ కలిపాడు.

“హలో, ఎవరండీ?”

నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు.

“హలో? మాట్లాడండి!”

డెలైనా కళ్లు తుడుచుకుని అతని చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

“వెర్లిన్ స్ట్రౌడ్ గారి కూతుర్నండీ,” అంది. “మా నాన్న ఆపరేషన్‌కి వస్తున్నారు.”