ఎనిమిదో రేకు

"ఈ మూల పువ్వుకి ఏడు రేకులే ఉన్నాయేంటండీ?"

పెళ్ళికొడుకు నోటి నుంచి వచ్చిన మొదటి మాట ఇది. ఏం చదివారని కాదు, వంటొచ్చా అని కాదు. టీపాయ్ మీద పరిచిన తెల్లటి లేసు గుడ్డ మీదికి వంగి, వేలితో రేకులు లెక్కపెట్టి మరీ అడిగాడు సుధాకర్.

కాఫీ ట్రే పట్టుకు నిలబడ్డ దేవిశ్రీ ఒక అడుగు వెనక్కి వేసింది. ఎందుకంటే ఆ గుడ్డ ఆమె అల్లింది కాదు. ఆ మాటకొస్తే ఊడిన బొత్తాం కుట్టుకోవడం కూడా ఆమెకు రాదు.

ఇదంతా తల్లి శ్యామలాంబ నిర్వాకం. అబ్బాయి వాళ్ళ మామ్మగారు నరసాపురంలో పేరున్న లేసు మనిషనీ, లేసు అల్లే పిల్ల కోడలిగా వస్తే ఆవిడకి ప్రాణం లేచొస్తుందనీ పెళ్ళిళ్ళ పేరయ్య ఓ మాట జారాడు. "అయితే ఇంకేం, మా అమ్మాయి బ్రహ్మాండంగా అల్లుతుంది!" అనేసింది శ్యామలాంబ. మర్నాడే బస్సెక్కి, గీసి గీసి బేరమాడి ఈ గుడ్డ కొనుక్కొచ్చింది. కొంటే కొన్నది, ఏ రాజమండ్రిలోనో కొనొచ్చు కదా, సరాసరి నరసాపురమే వెళ్ళింది! కూతురు నెత్తీ నోరూ కొట్టుకుంటే, "వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు. నేను ఆడింది ఒక్కటే" అని మూతి తిప్పింది.

ఆ ఒక్కటీ ఇప్పుడు దేవిశ్రీ మెడకు చుట్టుకుంది.

"అది... దిష్టి తగలకుండా కావాలనే అలా వదిలేశానండి."

సుధాకర్‌కి కాఫీ పొలమారింది. దగ్గి, కళ్ళు తుడుచుకుని, "మంచి ఆలోచనండీ" అన్నాడు. కళ్ళల్లో మాత్రం నవ్వు ఆగలేదు.

భాద్రపదం శూన్యమాసం కాబట్టి పెళ్ళిచూపులనే పేరు పెట్టలేదు. మొక్కలు కొనడానికి కడియం వచ్చినట్టు, దారిలో ఊరికే ఇంట్లోకి తొంగిచూసినట్టు వచ్చాడు, స్నేహితుణ్ణి తోడు తెచ్చుకుని. అందుకే తండ్రి తాతాజీ, "మొక్కలంటే మా అమ్మాయే చూపించాలి బాబూ. పెరట్లోకి వెళ్ళండి" అని పంపించేశాడు.

దేవిశ్రీ నర్సరీలో ఆన్‌లైన్ ఆర్డర్లు చూసే ఉద్యోగం చేస్తుంది. పొద్దునా సాయంత్రమూ మాత్రం ఆ పెరడే ఆమె లోకం. వానలు వెనకపట్టాయి. చిక్కుడు పాదు పందిరెక్కుతోంది. దసరాకి పూయాల్సిన బంతి మొక్కలు జానెడెత్తు లేచాయి. సుధాకర్ వాటిని చూస్తూ చూస్తూ సరిగ్గా తోటకూర మడిలో అడుగేశాడు.

"అయ్యయ్యో! కాలు తియ్యండి! కళ్ళు నెత్తిమీదున్నాయా?"

అనేశాక నాలిక్కరుచుకుంది. పెళ్ళికొడుకు ఒంటికాలి మీద కొంగలా నిలబడి, "ఈ రెండోది ఎక్కడ పెట్టమంటారండీ?" అని అడిగాడు. ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది.

తర్వాత మాటలు వాటంతటవే వచ్చాయి. అతను పాలకొల్లు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాడట. బంతి మొక్క తల తుంచితే పక్క కొమ్మలేసి గుబురుగా పూస్తుందంటే నమ్మలేదు. దగ్గరుండి ఒకటి తుంచించింది. పాపం చేసినవాడిలా ముఖం పెట్టి తుంచాడు. ఇంతలో చినుకులు మొదలయ్యాయి. చిక్కుడు పందిరి కిందికి పరిగెత్తారు. అది ఎండకి పనికొచ్చే పందిరి గానీ వానకి కాదు. ఇద్దరూ తడిశారు. వేలాడుతున్న చిక్కుడు తీగని అతను చటుక్కున పురికొసతో కట్టాడు. చిన్న ఉచ్చు, దాంట్లోంచి ఇంకో ఉచ్చు, రెండు సెకన్లలో ముడి పడింది.

"ఫిజిక్స్‌లో ముడులు వెయ్యడం కూడా చెప్తారా?"

అతను తడబడి చేతులు జేబుల్లో పెట్టేసుకున్నాడు. "అబ్బే, ఊరికేనండి."

వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర బాంబు పేల్చాడు. "విజయదశమికి మామ్మని తీసుకొస్తానండీ. తాంబూలాలు అప్పుడు పుచ్చుకుందాం. ఈలోగా ఆవిడకోసం మీ చేత్తో చిన్న గుడ్డ ఒకటి అల్లి ఉంచుతారా?"

శ్యామలాంబ లోపల్నుంచే అరిచింది. "ఒకటేంటి బాబూ, రెండల్లుతుంది!"

ఆ నెలరోజులూ దేవిశ్రీ పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు. యూట్యూబ్ ముందు పెట్టుకుని సూదీ దారం పట్టుకుంటే, గొలుసు నాలుగు కుట్లు వేసేసరికి చిక్కుముడి పడేది. బంతినారు వెయ్యి మొక్కలు ఒక్క వేరు తెగకుండా నాటగలిగిన వేళ్ళు దారం ముందు మొద్దుబారిపోయేవి.

రోజూ మధ్యాహ్నం అతని ఫోన్.

"ఎన్ని పువ్వులయ్యాయండీ?"

"బంతివా?"

"లేసువి."

"...అవుతున్నాయండి. మీరు భోంచేశారా?"

మాట మార్చడానికి మొదలుపెట్టిన కబుర్లు గంటకి తగ్గేవి కావు. క్లాసులో పిల్లలు తన మీద వేసిన జోకులు అతను చెప్పేవాడు. చిక్కుడు పూత, బంతి మొగ్గ ఈమె చెప్పేది. తుంచిన మొక్క ఫొటో రోజుకొకటి అడిగి పెట్టించుకునేవాడు. పదిరోజులు తిరక్కుండా దేవిశ్రీకి ఒక సంగతి తెలిసిపోయింది. ఈ సంబంధం తప్పిపోతే ఏడుపు అమ్మది కాదు, తనది.

ఇష్టం పెరిగిన కొద్దీ అబద్ధం బరువెక్కింది. దసరా ముందురోజు ఇల్లంతా మామిడాకులు కడుతుంటే, "నేను నిజం చెప్పేస్తానమ్మా" అంది.

"నోరు విప్పావంటే చూడు! చేతిదాకా వచ్చింది కాలదన్నుకుంటావా?"

తాతాజీ తోరణం ముడేస్తూ, "నిజం చెప్తే పోయే సంబంధం ఇవాళ పోతేనే మంచిది" అన్నాడు. శ్యామలాంబ ఆ పూట ఆయనకి పప్పులో నెయ్యి వెయ్యలేదు.

విజయదశమి నాడు సుధాకర్ మామ్మ చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చాడు. ఆవిడ పేరు బేబి. డెబ్బై ఆరేళ్ళొచ్చినా ఊరందరికీ బేబి మామ్మే. కుర్చీలో కూర్చుంటూనే, "ఏదమ్మా, నాకోసం అల్లింది చూపించు" అని చెయ్యి చాపింది.

దేవిశ్రీ ఆ చేతిలో ఒక పువ్వు పెట్టింది. మాసిపోయి, వంకర పోయి, అక్కడక్కడ ముడులు పడి, లెక్కకి ఐదు రేకులున్న పువ్వు.

"నాకు వచ్చింది ఇంతే మామ్మగారూ. నెలరోజులు కష్టపడితే ఇదొక్కటి అయింది. టీపాయ్ మీదున్నది కొన్నది. మొదటిరోజు అబద్ధం చెప్పాను. క్షమించండి." సుధాకర్ వైపు తిరిగింది. "మిమ్మల్ని మోసం చేసి మీ ఇంటికి రాలేనండి. తాంబూలాలు వద్దనుకుంటే... ఆ బంతి మొక్క మాత్రం తీసుకెళ్ళండి. బాగా పూసింది."

శ్యామలాంబ గోడకి చేరగిలబడిపోయింది.

బేబి మామ్మ కళ్ళజోడు పెట్టుకుని టీపాయ్ మీది గుడ్డ అందుకుంది. అంచు తడిమింది. మూల పువ్వు దగ్గర ఆగింది. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది.

"ఒరే సుధా! ఆ పిల్ల చేత చెప్పించావు గదరా! ఇంక నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

సుధాకర్ ముఖం బంతిపువ్వు రంగులోకి తిరిగింది.

"అది నేనల్లిందండీ."

శ్యామలాంబ గుడ్డనీ అతన్నీ మార్చి మార్చి చూసింది.

"ఏడో క్లాసులో కాలు విరిగి వానాకాలమంతా మంచంలో ఉన్నాను. మామ్మ సూది చేతికిచ్చింది. అప్పట్నుంచి మానలేదు. సెలవుల్లో అల్లినవి మామ్మ వాటితో పాటు నరసాపురంలో కొట్టుకి వెళ్తాయి. ఇంతకు ముందు రెండు సంబంధాల వాళ్ళకి చెప్పాను. ఆడపని చేసే మగాడు మాకొద్దన్నారు. ఈసారి దాచేశాను. తీరా ఇక్కడికొస్తే నా గుడ్డే టీపాయ్ మీద కనిపించింది! మీరు చెప్తే నేనూ చెప్దామని రోజూ ఎదురుచూశానండీ. ధైర్యం ముందు మీకే వచ్చింది."

దేవిశ్రీకి గుండెల మీంచి రుబ్బురోలు దించినట్టయింది. ఆ వెంటనే కోపమూ వచ్చింది.

"అంటే నెలరోజులూ రోజుకోసారి ఎన్ని పువ్వులయ్యాయని అడిగింది..."

"తప్పేనండి."

"నా వేళ్ళు చూడండి, అన్నీ సూది పోట్లే!"

"ఇకనుంచి మా ఇంట్లో... మనింట్లో, సూది నేను పడతానండీ. మీరు ఆ కాలెక్కడ పెట్టాలో చెప్తే చాలు."

తాతాజీ పకపకా నవ్వాడు. శ్యామలాంబ మెల్లగా గోడ వదిలి, "అయితే తాంబూలం పళ్ళెం తెమ్మంటారా వదినగారూ?" అని బేబి మామ్మని అడిగింది. ఆ కంగారులో వరస కూడా తప్పింది.

మామ్మ సంచీలోంచి దారం ఉండ తీసి మనవడి ఒళ్ళో పడేసింది. "ముందు ఆ ఎనిమిదో రేకు అల్లరా. పెళ్ళింట్లో ఏడు రేకుల పువ్వేంటి, చూసినవాళ్ళు నా పెంపకం అనుకుంటారు. అసలు లెక్కెలా తప్పావురా?"

సుధాకర్ తల దించుకున్నాడు. "అది అల్లుతుంటేనే పేరయ్యగారు ఫొటో పంపారు మామ్మా. ఫోన్ చూసి మళ్ళీ సూది పట్టేసరికి ఎక్కడున్నానో మర్చిపోయాను."

ఎవరి ఫొటో అని ఎవరూ అడగలేదు. దేవిశ్రీ ముఖం మాత్రం అడక్కుండానే ఎర్రబడింది.

అతను సూదికి దారం తగిలించి ఆ పువ్వు మీదికి వంగాడు. ఆమె చప్పున గుడ్డ మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దండీ, అలాగే ఉంచండి."

"ఏం?"

"దిష్టి తగలకుండా."